మత్తుమందుల తక్షణ పరీక్షలు : గుణదోష విచారణ

అరచేతిలో ఇమిడెడి ఒక ప్లాస్టిక్ పలక, దానిలో ఒక సన్నని పట్టీ, మూడు చుక్కల మూత్రము, ఐదు నిమిషముల కాలము. ఇంతమాత్రముతో ఒక మనిషి గంజాయి త్రాగినదీ లేనిదీ తెలియునని చెప్పెడి సాధనములు నేడు అమ్మకమునకు వచ్చినవి. వీనినే వాడుకలో 'డ్రగ్ టెస్టు కిట్లు' అనుచున్నారు. హైదరాబాదులో 2024 ఆగస్టు చివర అధికారులు పబ్బులను తనిఖీ చేసినప్పుడు ఇట్టి కిట్లతోనే అక్కడికక్కడ పరీక్షలు జరిపిరి. అంతకు ముందే, 2018 జూలైలో, పంజాబు ప్రభుత్వము తన ఉద్యోగులందరికిని మత్తుమందుల పరీక్ష జరుపవలెనని ఆదేశించినది. వెల తక్కువ, పని సులభము గనుక ఈ సాధనము పోలీసు ఠాణాలతో ఆగదు. కళాశాలలకు, వసతిగృహములకు, ఇండ్లకు కూడ వచ్చును. అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో ముందుగానే విచారించుకొనుట మంచిది.

ఉత్తరాంధ్రకు ఈ విచారణ ఏల?

తూర్పు కనుమలలో ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల సరిహద్దు వెంబడి గంజాయి సాగు చిరకాలముగా ఉన్న సమస్య. 2021 అక్టోబరు చివర రాష్ట్ర పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' అను పేర విశాఖ ఏజెన్సీలో వేల ఎకరముల గంజాయి తోటలను నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. ఐనను రవాణా పూర్తిగా ఆగలేదు. కొండల నుండి మైదానమునకు దిగు త్రోవలలో అనేకము ఈ ప్రాంతము గుండనే పోవును. కొరాపుట్టు నుండి సాలూరు ఘాటు దిగి రామభద్రపురం, గజపతినగరం మీదుగా విజయనగరం చేరు రహదారి ఒకటి. అరకు నుండి శృంగవరపుకోటకు దిగు రహదారి మరియొకటి. పర్లాకిమిడి నుండి పాతపట్నం వచ్చు త్రోవ వేరొకటి. ఇచ్ఛాపురం మొదలుకొని శ్రీకాకుళం జిల్లా పొడవునను 16వ నంబరు జాతీయ రహదారియు, హౌరా–చెన్నై రైలుమార్గమును సాగుచున్నవి. సాలూరు 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినదే గాని త్రోవ మారలేదు.

ధాన్యపు బండ్లు పోవు బాటలో గింజలు రాలినట్లే, సరకు పోవు త్రోవలో కొంత సరకు రాలును. అది ఎక్కువగా యువకుల చేతిలో పడును. ఈ సమస్యను ఎదుర్కొనుటకై రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరులో 'ఈగల్' అను ప్రత్యేక దళమును ఏర్పాటు చేసి, 1972 నంబరుకు ఫోను చేసి సమాచారము తెలుపవచ్చునని ప్రకటించినది. ఇట్టి ప్రయత్నముల నడుమ, 'ప్రతి విద్యార్థిని కిట్టుతో పరీక్షించిన సరిపోవును గదా' అను ఆలోచన కలుగుట సహజము. ఆ ఆలోచనలోని బలమును, బలహీనతను చూడవలెనన్నచో కిట్టు పనిచేయు విధమును ముందు తెలిసికొనవలెను.

కిట్టు ఎట్లు పనిచేయును?

ఈ కిట్లు రెండు తెగలు. పట్టుబడిన పదార్థము గంజాయియా, నల్లమందా అని రంగును బట్టి చెప్పునవి మొదటి తెగ. మనిషి మూత్రమునందో లాలాజలమునందో మందు జాడను వెదకునవి రెండవ తెగ. మొదటి దానికి విచారణలో ఉండునది పదార్థము. రెండవ దానికి విచారణలో ఉండునది మనిషి. ఇచ్చట ముఖ్యముగా రెండవ తెగను గూర్చియే విచారింతము.

ఈ పరీక్షకు మూలము 1959–60 ప్రాంతమున అమెరికాలో రోజాలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అను శాస్త్రజ్ఞులు రక్తములోని ఇన్సులినును కొలుచుటకు కనుగొనిన పద్ధతి. ఆ కృషికి 1977లో యాలోకు నోబెల్ బహుమానము లభించినది. బెర్సన్ అప్పటికే మరణించి యుండెను. శరీరము తనలో ప్రవేశించిన పరాయి పదార్థమును పట్టుకొనుటకు 'యాంటీబాడీలు' అనబడు ప్రతిదేహములను తయారు చేయును. ఒక్కొక్క ప్రతిదేహము ఒక్కొక్క ఆకారమును గుర్తించును. ఆ గుణమును ఉపయోగించుకొని అతి స్వల్పమైన పరిమాణములను కూడ పసిగట్టవచ్చునని వారు చూపిరి. 1971లో వియత్నాం నుండి తిరిగివచ్చు అమెరికా సైనికులకు హెరాయిన్ అలవాటు కలదేమో తెలిసికొనుటకు మూత్రపరీక్షలు పెద్దయెత్తున జరిపినప్పుడు ఇట్టి ప్రతిదేహములే పనికివచ్చినవి. నేటి కిట్టు ఆ విద్యయే, కాగితము వంటి పట్టీ మీదికి దిగివచ్చినది.

పట్టీ మొదట ఎఱ్ఱని బంగారు రేణువులు తగిలించిన ప్రతిదేహములుండును. పట్టీ నడుమ ఒక గీతవెంబడి మత్తుమందు అణువులను కదలకుండ అంటించి యుంచుదురు. మూత్రము ప్రాకుచు పోవునప్పుడు ప్రతిదేహములను తనతో కొనిపోవును. దీనికి ఆర్టీసీ బస్సును పోల్చి చూడవచ్చును. విజయనగరములో బయలుదేరిన బస్సు ఖాళీగా ఉన్నచో గజపతినగరములో ఆగి, వేచియున్న వారిని ఎక్కించుకొనును. విజయనగరములోనే నిండిపోయినచో ఆగదు. ప్రతిదేహములే బస్సులు. మూత్రములో మందు లేకున్న అవి ఖాళీగా వచ్చి నడిమి గీత వద్ద ఆగును. ఎఱ్ఱ గీత ఏర్పడును. మందు ఉన్నచో ముందే నిండిపోయి, గీత వద్ద ఆగక సాగిపోవును, గీత ఏర్పడదు. అనగా గీత కనబడిన మందు లేదని, గీత కనబడకున్న మందు ఉన్నదని అర్థము. గర్భనిర్ధారణ పరీక్షకు ఇది సరిగా తలక్రిందు. లీలగా కనబడు గీతను కూడ గీతగానే, అనగా 'నెగటివ్'గానే, లెక్కింపవలెను. ఈ సంగతి తెలియని తండ్రియో, వార్డెనో తొందరపడి చదివినచో నిర్దోషి దోషి యగును.

మేలు ఏమి?

ఈ సాధనమును తీసిపారవేయుట న్యాయము కాదు. దీనికి విద్యుత్తు అక్కరలేదు, ఖరీదైన యంత్రము అక్కరలేదు. సీతంపేట వంటి కొండప్రాంతపు ఆసుపత్రిలో స్పృహతప్పిన యువకుని తెచ్చినప్పుడు, వైద్యునికి ఐదు నిమిషములలో దొరకు సూచన ఎంతో విలువైనది. వ్యసనవిముక్తి కేంద్రములలో చికిత్స పొందువారు మరల పాత అలవాటున పడినారేమో చూచుటకు దీనికంటె సులభమైన ఉపాయము లేదు. అట్టిచోట రోగి సమ్మతియు, వైద్యుని పర్యవేక్షణయు ఉండును; ఫలితము శిక్షకు గాక చికిత్సకు దారితీయును. అంతేగాక నెగటివ్ ఫలితము సాధారణముగా నమ్మదగినది. అనుమానమునకు గురియైన వానిని ఆ అనుమానము నుండి విడిపించుటలో కిట్టు మంచి స్నేహితుడు.

లోపములు ఎచ్చట?

మొదటి లోపము కాలమునకు సంబంధించినది. గంజాయిలో మత్తు కలిగించునది 'టి.హెచ్.సి.' అను పదార్థము. దానిని 1964లో గావొనీ, మెకూలాం అను శాస్త్రజ్ఞులు విడదీసిరి. కిట్టు వెదకునది దీనిని కాదు. కాలేయములో ఇది మార్పుచెందిన పిమ్మట ఏర్పడు మత్తులేని ఆమ్లమును. టి.హెచ్.సి. క్రొవ్వులో నిలిచి మెల్లమెల్లగా బయటికి వచ్చును. ఒక్కసారి త్రాగినవానికి సుమారు మూడు దినముల వరకు, నిత్యము త్రాగువానికి కొన్ని వారముల వరకు ఫలితము పాజిటివుగా రావచ్చును. అందువలన పాజిటివ్ వచ్చిన లారీ డ్రైవరు ఆ క్షణమున మత్తులో ఉన్నాడని చెప్పుటకు వీలులేదు. మద్యము విషయము వేరు. ఊపిరి పరీక్ష అప్పటికి రక్తములో ఉన్న మద్యమును అంచనా కట్టును; నూరు మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములని చట్టము హద్దు కూడ ఏర్పరచినది. మత్తుమందుల విషయమున మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను అడుగు ప్రశ్న, డ్రైవరు వాహనమును అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడా అని. మూత్రపు పట్టీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు.

రెండవ లోపము పోలికల వలన కలుగును. ప్రతిదేహము ఆకారమును చూచి పట్టుకొనును. ఆకారములో పోలిక యున్న వేరొక పదార్థమును కూడ ఒకప్పుడు పట్టుకొనును. జలుబు మాత్రలలోని సూడోఎఫెడ్రిన్ ఆంఫెటమిన్ పట్టీని మోసగింపవచ్చును. క్షయరోగులు వాడు రిఫాంపిసిన్ కొన్ని రకముల పరీక్షలలో నల్లమందు జాతికి పాజిటివ్ చూపిన ఉదంతములు వైద్యపత్రికలలో కలవు. కోడీన్ ఉన్న దగ్గుమందు త్రాగినచో శరీరములో అందు కొంత భాగము నిజముగనే మార్ఫిన్‌గా మారును. అప్పుడు పట్టీ చెప్పునది అబద్ధము కాదు, కాని దాని నుండి మనము తీయు అర్థము అబద్ధము.

గసగసాల సంగతి మరింత వింతైనది. పెండ్లివిందులో గసగసాలు నూరి వేసిన మాంసపు కూర తినినవాని మూత్రములో కొంత మార్ఫిన్ కనబడవచ్చును, ఏలయనగా గసగసాలు నల్లమందు మొక్క గింజలే. ఈ చిక్కు వలననే అమెరికా ప్రభుత్వము 1998లో తన ఉద్యోగుల పరీక్షలలో ఈ జాతి మందులకు హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుండి 2,000 నానోగ్రాములకు పెంచినది. పాత హద్దు గల పట్టీలు నేటికిని అమ్మకములో ఉన్నవి. కొనువాడు పెట్టెపై ఆ అంకెను చదువునా?

మూడవ లోపము చట్టమునకును, పట్టీకిని పొత్తు కుదరకపోవుట. మత్తుమందుల నిషేధమునకు మూలమైన 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టము గంజాయి అనగా ఆ మొక్క పూత, కాయ గల కొనలు అని నిర్వచించినది. కొనలు చేరని ఒట్టి ఆకులను, గింజలను ఆ నిర్వచనము నుండి మినహాయించినది. ఆకుతో చేసిన భంగు త్రాగినను, పూతను చుట్టి పీల్చినను మూత్రములో చేరునది ఒకే ఆమ్లము. పట్టీకి ఆ భేదము తెలియదు.

నాలుగవది సాధనపు బలహీనత. ఇట్టి కిట్లను సాధారణముగా 30 డిగ్రీల సెంటీగ్రేడు లోపు ఉంచవలెనని తయారీదారులు వ్రాయుదురు. రోహిణీకార్తె ఎండలో, రహదారి ప్రక్కన నిలిపిన జీపులో ఆ నియమము ఎట్లు సాగును? ఇక మూత్రము పలుచబడినచో మందు ఉండియు కనబడకపోవచ్చును. అందుకే మంచి పద్ధతిలో మూత్రపు వేడిమిని, క్రియాటినిన్ మోతాదును కూడ చూతురు. ఇందులోను ఒక జాగ్రత్త కావలెను. ఎండలో పనిచేసి బిందెడు నీరు త్రాగినవాని మూత్రము పలుచగా ఉండును. అది మోసము కాదు. ఉద్దానములో మూత్రపిండముల వ్యాధితో డయాలిసిస్‌పై బ్రతుకుచున్న వానికి మూత్రమే రాకపోవచ్చును. అది నిరాకరణ కాదు.

లెక్క చెప్పు నిజము

అన్నిటికంటె ముఖ్యమైన లోపము కిట్టులో లేదు, దానిని వాడు తీరులో ఉన్నది. ఊహకొరకు ఒక లెక్క వేయుదము. ఒక కిట్టు నూరుగురు వాడుకరులలో 95 మందిని సరిగా పట్టుననియు, వాడని నూరుగురిలో 95 మందిని సరిగా విడుచుననియు అనుకొందము. వినుటకు గొప్ప కిట్టే. వేయిమంది చదువు కళాశాలలో 20 మందికి ఈ అలవాటు కలదనుకొందము. అందరిని పరీక్షింతము. ఆ ఇరువదిమందిలో 19 మంది పట్టుబడుదురు. మిగిలిన 980 మంది నిర్దోషులలో నూటికి ఐదుగురి చొప్పున 49 మందికి కూడ పాజిటివ్ వచ్చును. మొత్తము 68 పాజిటివులు. అందులో నిజమైనవి 19 మాత్రమే. అనగా పట్టుబడిన ప్రతి పదిమందిలో ఏడుగురు ఏ పాపము ఎరుగనివారు!

అదే కిట్టును వేరొకచోట వాడుదము. వ్యసనవిముక్తి కేంద్రమునకు వచ్చిన నూరుగురిలో 40 మంది నిజముగా మందు వాడుచున్నారనుకొందము. వారిలో 38 మంది పట్టుబడుదురు; మిగిలిన 60 మందిలో ముగ్గురికి మాత్రము పొరపాటు పాజిటివ్ వచ్చును. ఇచ్చట 41 పాజిటివులలో 38 నిజము. కిట్టు మారలేదు, కంపెనీ మారలేదు. పరీక్షకు నిలిచిన జనము మారినది. ఇక కళాశాలలోని నెగటివులను చూడుడు: 932 మందిలో తప్పిపోయినవాడు ఒక్కడే. కనుక సామాన్య జనములో ఈ కిట్టు 'లేదు' అన్నప్పుడు నమ్మదగినది, 'ఉన్నది' అన్నప్పుడు సంశయింపదగినది. కళాశాలల గోడలపై అందరికిని పరీక్షలని ప్రకటించుటకు పూర్వము ఈ చిన్న లెక్కను నల్లబల్లపై వేసి చూచుట మేలు.

జల్లెడ తక్కెడ కాదు

ఈ కారణముల చేతనే శాస్త్రము ఈ పరీక్షను తుది తీర్పుగా ఎన్నడును చెప్పలేదు. ఇది జల్లెడ. జల్లెడలో నిలిచినదంతయు రాయి కాదు. దానిని మరల చేతితో ఏరి చూడవలెను. గంజాయికి సాధారణముగా పట్టీ హద్దు మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు. పాజిటివ్ వచ్చిన నమూనాను గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ అను రెండు పద్ధతులను జోడించిన యంత్రముతో మరల పరీక్షింపవలెను. ఆ యంత్రము అణువులను మొదట వేరుపరచి, పిదప ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులను బట్టి గుర్తించును. అందు 15 నానోగ్రాముల వరకు నిశ్చయముగా తేల్చవచ్చును. పట్టీ పోలికను చూచును. యంత్రము వేలిముద్రను చూచును.

ఈ రెండవ మెట్టును విడిచినచో ఏమగునో లోకము చూచినది. 2004 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము డ్రైవర్లను రహదారిపై ఆపి లాలాజల పరీక్ష చేయుట ప్రారంభించినది. మొదటి దినముననే, పత్రికలవారి కెమెరాల ముందు, ఒక వ్యాను డ్రైవరుకు పాజిటివ్ వచ్చినది. అతని ముఖము దేశమంతట కనబడినది. పిమ్మట ప్రయోగశాలలో ఆ ఫలితము నిలువలేదు. పదార్థమును పరీక్షించు మొదటి తెగ కిట్లకు కూడ ఈ గతి పట్టినది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో హ్యూస్టన్ నగరమున్న హారిస్ కౌంటీలో, రంగు మారిన కిట్టును చూచి నేరమును ఒప్పుకొని శిక్షపడినవారి విషయమున, తరువాత ప్రయోగశాలలో నిషిద్ధపదార్థమే లేదని తేలి వందకు పైగా తీర్పులు రద్దయినవి. ప్రయోగశాల అబద్ధమాడలేదు, దాని మాట కొరకు ఎవరును ఆగలేదు.

ఈ సంగతిని మన ఊరికి తెచ్చి చూడుడు. మందసనుండియో, మక్కువనుండియో వచ్చి, తన ఇంట మొదటిసారిగా కళాశాల మెట్లెక్కిన బాలుడొకడు వసతిగృహములో వరుసలో నిలిచినాడనుకొందము. గీత కనబడలేదు. తోటివారందరు చూచిరి. సాయంకాలమునకు ఆ వార్త ఊరు చేరును. పది దినముల తరువాత ప్రయోగశాల నుండి 'లేదు' అని కాగితము వచ్చినను, ఆ కాగితము ఊరంత తిరుగునా? అతని తల్లి బావి వద్ద తల ఎత్తుకొనగలదా? బాలుడు నిజముగా గంజాయికి అలవాటుపడినవాడే యనుకొన్నను, పదిమందిలో అవమానింపబడినవాడు వైద్యుని వద్దకు పోవునా, మరల అదే ముఠా వద్దకు పోవునా?

చేయదగినది

చట్టములోనే ఇందుకు కొంత దారి కలదు. ఎన్.డి.పి.ఎస్. చట్టము 27వ సెక్షను మత్తుమందు వాడినవానికి శిక్ష విధించును. గంజాయికి అది ఆరు నెలల వరకు ఖైదు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. కాని 64-ఎ సెక్షను, వ్యసనపరుడు స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చినచో అతనిని విచారణ నుండి మినహాయించుటకు వీలు కల్పించినది. చట్టపు ఉద్దేశమే వైద్యమువైపు తిరిగియున్నప్పుడు కిట్టు ఉద్దేశము కూడ అటే తిరుగవలెను.

అందుకు కొన్ని నియమములు చాలును. పరీక్షకు ముందు సమ్మతి తీసికొనవలెను. వాడుచున్న మందులేవో అడిగి వ్రాసికొనవలెను. పరీక్ష చాటున జరుగవలెను. కిట్టు గడువు తేదీని, నిలువ ఉంచిన విధమును చూడవలెను. ఫలితమును పెట్టెపై చెప్పిన నిమిషములలోనే చదువవలెను. నమూనాను ఆదిలోనే రెండు భాగములు చేసి, ఒకదానిని ముద్రవేసి ప్రయోగశాల కొరకు దాచవలెను. ప్రయోగశాల మాట వచ్చువరకు పేరు బయటపెట్టరాదు, ఉద్యోగము తీయరాదు, హాలుటిక్కెట్టు ఆపరాదు. నిజమని తేలినచో మొదట పిలువవలసినది వైద్యుని. వ్యసనవిముక్తికై కేంద్ర ప్రభుత్వము నడుపు 14446 నంబరు ఇందుకే ఉన్నది. ఇంటిలో బిడ్డపై అనుమానము కలిగిన తలిదండ్రులు కిట్టు కొనుటకు ముందు బిడ్డతో ఒక పూట కూర్చుండి మాటలాడుట మంచిది. పట్టీ చెప్పలేని సంగతులు బిడ్డ చెప్పును.

కాబట్టి ఈ సాధనము చెడ్డది కాదు, పనికిమాలినది కాదు. వైద్యుని చేతిలో ఇది దీపము. తొందరపాటు గల అధికారి చేతిలో ఇదే కత్తి. సాలూరు ఘాటు దిగివచ్చు బస్తాలను ఆపుటకు నిఘా కావలెను. త్రోవలో దారితప్పిన పిల్లవానిని ఇంటికి తెచ్చుటకు ఓర్పు కావలెను. కిట్టు ఈ రెండింటిలో దేనికిని బదులు కాదు. ఐదు నిమిషములలో తేలునది అనుమానము మాత్రమే. నిజము తేలుటకు మరికొన్ని దినములు పట్టును. ఒక యువకుని జీవితము కొరకు ఆ కొన్ని దినములు ఆగుట ఏ ప్రభుత్వమునకును, ఏ కళాశాలకును భారము కారాదు.